ఆటలో చీకటి – రూపసారాల ప్రశ్న

వీడియో గేములకు సాహిత్య విమర్శ పత్రికలో చోటెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఒకప్పుడు సినిమాను గురించి కూడా మనలో కొందరు ఇదే ప్రశ్న వేశారు. పాతికేళ్ళుగా మన యువకులలో చాలామందికి కథ పుస్తకంలో కంటే ముందు తెర మీద ఎదురవుతున్నది. అక్కడ వాళ్ళు దేన్ని భయమనుకుంటున్నారో, దేన్ని గెలుపనుకుంటున్నారో పట్టించుకోని రచయిత, రేపు వాళ్ళు తన రచనను పట్టించుకోలేదని వాపోవటంలో అర్థం లేదు. అదీగాక, రూపానికీ సారానికీ ఉన్న సంబంధాన్ని గురించి మనం ఏళ్ళ తరబడి చేస్తూ వచ్చిన చర్చకు ఈ కొత్త కళ ఒక మంచి పరీక్ష పెడుతున్నది.

నా మటుకు ఈ ఆలోచన వాడరేవులో మొదలయింది. చీరాల నుంచి సముద్రానికి వెళ్ళే రోడ్డు ముగిసేచోట, ఒడ్డుకు లాగిన పడవల పక్కన కూర్చుని ఇద్దరు కుర్రవాళ్ళు వాదించుకుంటున్నారు. ఒకడు వేటకు వెళ్ళే ఇంటి పిల్లవాడు, చీరాలలో డిగ్రీ చదువుతున్నాడు. రెండోవాడు తెలుగు ఎం.ఏ. చదివినవాడు, వరసకు బావ.

"ఆటంటే డయాబ్లోది బావా, చీకటంటే డార్క్ సోల్స్‌ది. దేని గొప్ప దానిదే" అన్నాడు చిన్నవాడు.

"ఆట వేరు, చీకటి వేరు ఎట్టా అవుతయ్యిరా? కథ వేరు, శిల్పం వేరు అన్నట్టుంది నీ మాట" అన్నాడు పెద్దవాడు.

పెద్దవాడి అభ్యంతరం సరయినదే. కానీ అతను దాన్ని అక్కడితో వదిలేశాడు. దాన్ని చివరిదాకా తీసుకుపోవటమే ఈ వ్యాసం పని.

ఈ ఆటలు ఎరగని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్ అనేదానిలో ఆడేవాడు ఒక పాత్రను ధరిస్తాడు. పాచికలు వేసి, వంతులవారీగా ఎత్తు వేసే పాత పద్ధతి కాకుండా, తన చేతి వేగంతోనే పోరాడతాడు. శత్రువును చంపినకొద్దీ అతనికి అనుభవం పెరుగుతుంది, ఆయుధం మెరుగవుతుంది, బలం హెచ్చుతుంది. ఈ జాతి ఆటలలో అధికభాగం పాడుబడిన గుళ్ళలో, సమాధులలో, నేలమాళిగలలో జరుగుతాయి. ఆడేవాళ్ళు వీటిని పొగిడేటప్పుడు రెండు విషయాలు విడివిడిగా చెబుతారు: ఆటతీరు బాగుందనీ, చీకటి వాతావరణం బాగుందనీ.

అసలు వైరుధ్యం ఇక్కడే ఉంది. ఆటతీరు మనిషికి క్షణక్షణం బలం పెంచుతుంది. చీకటి మనిషి బలహీనతను గుర్తుచేస్తుంది. ఒకటి పెరిగితే రెండోది తరగాలి. పది గంటల ఆట తరువాత వీరుడు ఒక్క వేటుకు ఇరవై అస్థిపంజరాలను పడగొడుతుంటే, గోడల మీద ఎంత నలుపు పులిమితే మాత్రం ఏమిటి? ఆ నలుపు నాటకాల పరదాతో సమానం. ఈ వైరుధ్యాన్ని ఏ ఆట ఎలా పరిష్కరించింది, లేక ఎలా తప్పించుకుంది అన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

మన అలంకారికులు ఇక్కడ పనికివస్తారు. భయానకానికి స్థాయి భయం, బీభత్సానికి స్థాయి జుగుప్స. నెత్తురు, పుర్రెలు, తెగిన అవయవాలు చూపిస్తే జుగుప్స కలుగుతుంది. దాన్నే భయమని భ్రమపడటం జరుగుతున్నది. చీకటి ఆటలుగా చలామణీ అవుతున్నవాటిలో చాలాభాగం బీభత్సం దగ్గరే ఆగిపోయాయి. భయం కలగాలంటే పోగొట్టుకోవటానికి ఏదో ఒకటి ఉండాలి, దారి తెలియకపోవాలి. ఆ సాయంత్రం చిన్నవాడే ఒక మాట అన్నాడు: "అమాస రాత్రి సముద్రం మీద చీకటికి ఎవురూ భయపడరు బావా. ఒడ్డు ఎటుందో తెలవకపోతే భయపడతారు." తన వాదానికి తానే జవాబు చెప్పుకున్నానని అతను గమనించినట్టు లేదు.

1996 చివరలో వచ్చిన 'డయాబ్లో' ఈ మాటను కొంతవరకు అర్థం చేసుకున్న ఆట. కాలిఫోర్నియాలో ఒక చిన్న సంస్థ తయారుచేసింది. మొదట వంతులవారీ ఆటగా అనుకుని, తరువాత చేతి వేగపు ఆటగా మార్చారు. ట్రిస్ట్రమ్ అనే ఊరు, దాని చర్చి, చర్చి కింద 16 అంతస్తుల చీకటి – ఇంతే ప్రపంచం. ఆ చీకట్లో వీరుడు పరుగెత్తలేడు, నడవవలసిందే. అతని చుట్టూ వెలుగు కొద్దిపాటి వలయంగా మాత్రమే ఉంటుంది. ఆ వలయాన్ని పెంచే వస్తువులూ తగ్గించే వస్తువులూ వేరువేరుగా దొరుకుతాయి. అంటే వెలుగు బొమ్మగీసేవాడి ఇష్టాన్ని దాటి ఆటలో ఒక లెక్క అయింది. ముగింపు మరీ గమనించదగ్గది. చంపిన రాక్షసుడి ఆకారం తొలగిపోతే అక్కడ ఒక పసివాడి శవం మిగులుతుంది. గెలిచిన వీరుడు ఆ పీడను తనలో బంధిద్దామని మహిమగల రాతిని తన నుదుటనే గుచ్చుకుంటాడు. బలం పెంచుకుంటూ వచ్చిన మార్గం చివరకు ఎక్కడికి చేరిందో చూడండి. ఆటతీరుకూ చీకటికీ అక్కడ ముడిపడింది.

2000లో వచ్చిన 'డయాబ్లో 2'లో వీరుడు పరుగెత్తటం నేర్చాడు. రాక్షసులు గుంపులు గుంపులుగా వచ్చారు. వాళ్ళను చంపటం క్రమంగా కోతలాగా మారింది: కొయ్యాలి, రాలినవి ఏరుకోవాలి, మళ్ళీ కొయ్యాలి. ఆట నిస్సందేహంగా మరింత ఆకర్షకమయింది. భయం మాత్రం పలచబడింది. చీకటి ఉండవలసినచోట రాలిపడే సొత్తు మీద ఆశ వచ్చి కూర్చుంది.

తరువాతి ఘట్టం మనకు మరింత పాఠం చెబుతుంది. 2008లో 'డయాబ్లో 3' నమూనా చూపించినప్పుడు, రంగులు మరీ వెలుగుగా ఉన్నాయనీ, పాత నలుపు పోయిందనీ అభిమానులు వేల సంతకాలతో నిరసన తెలిపారు. 2012లో ఆట వచ్చింది. దానితోపాటే నిజమైన డబ్బుతో కత్తులూ కవచాలూ కొనుక్కునే వేలం అంగడీ వచ్చింది. ప్రతి అమ్మకంలో కంపెనీకి వాటా. నరకంలో దిగి సంపాదించవలసిన ఆయుధం బజారులో దొరుకుతుంటే నరకంలోకి దిగటం దేనికి? రాక్షసుణ్ణి చంపి సొత్తు సంపాదించటమనే తమ ఆట మూలాన్నే ఈ అంగడి దెబ్బతీస్తున్నదని కంపెనీయే ఒప్పుకుని, 2014 మార్చిలో దాన్ని మూసివేసింది. అభిమానులు రంగును గురించి పోట్లాడారు. చీకటిని చంపింది మాత్రం సరుకుల సంబంధం. వాతావరణాన్ని రంగుల సమస్యగా చూసే విమర్శ ఎక్కడ దెబ్బతింటుందో తెలుసుకోవటానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. ఆ గుణపాఠం ఎంతోకాలం నిలవలేదు. అదే కుటుంబం నుంచి 2022లో ఫోనులోకి వచ్చిన 'డయాబ్లో ఇమ్మోర్టల్' ఉచితంగా చేతికిచ్చి, అదృష్టపు పెట్టెల పేరుతో లోపల డబ్బు లాగే పద్ధతి పెట్టింది. అటువంటి పెట్టెల మీద ఆంక్షలున్న బెల్జియం, నెదర్లాండ్స్ దేశాలలో దాన్ని విడుదలే చెయ్యలేదు.

ఇక రెండో దారి. జపాను సంస్థ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2009లో 'డీమన్స్ సోల్స్', 2011లో 'డార్క్ సోల్స్' తెచ్చింది. రెండింటికీ దర్శకుడు హిదెతాకా మియాజాకి. వీటిలో చంపిన ప్రతి శత్రువు నుంచి 'ఆత్మలు' వస్తాయి. కొనుక్కోవటానికి డబ్బూ అవే, బలం పెంచుకోవటానికి పెట్టుబడీ అవే. చచ్చిపోతే కూడబెట్టినవన్నీ చచ్చినచోటే పడిపోతాయి. మళ్ళీ అక్కడిదాకా వెళ్ళి తెచ్చుకోవటానికి ఒక్కటే అవకాశం. దారిలో మళ్ళీ చస్తే అవి శాశ్వతంగా పోయినట్టే. 'డార్క్ సోల్స్'లో అక్కడక్కడా చలిమంటలున్నాయి. మంట దగ్గర కూర్చుంటే ప్రాణం కుదుటపడుతుంది. కానీ కూర్చున్న మరుక్షణం, చంపిన సామాన్య శత్రువులందరూ లేచి నిలబడతారు. అంటే విశ్రాంతికి కూడా వెల ఉంది. పైన చెప్పిన వైరుధ్యానికి దొరికిన పరిష్కారం ఇది. బలం పెరిగేకొద్దీ పోగొట్టుకోవలసింది కూడా పెరుగుతుంది, కాబట్టి భయం తగ్గదు. చాలా తావులలో ఈ ఆట 'డయాబ్లో' కంటే వెలుతురుగానే ఉంటుంది. ఎండలో మెరిసే అనోర్ లోండో నగరంలో పడే భయం నేలమాళిగలో పడేదానికి తీసిపోదు. వాడరేవు లైట్‌హౌస్ వెలుగు కనపడినప్పుడు పడవవాడికి కలిగే ఊరట ఎటువంటిదో, దూరాన చలిమంట కనపడినప్పుడు ఆడేవాడికి కలిగేదీ ఆ జాతిదే.

మరో విశేషం. ఈ ఆటను ఒంటరిగా ఆడుతున్నా, ఇతరులు వదిలిన గుర్తులు నేల మీద కనిపిస్తాయి. ముందు గొయ్యి ఉందనో, కుడివైపు శత్రువున్నాడనో ముందే ఇచ్చిన మాటలను కూర్చి ఎవరో రాసిపెడతారు. 'డీమన్స్ సోల్స్'లో ఆ సలహాను ఎవరైనా మెచ్చుకుంటే రాసినవాడి ప్రాణశక్తి పెరుగుతుంది. మంచు కమ్మిన ఎత్తు రోడ్డు మీద కార్లు జారిపోతుంటే, ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకరి బండిని ఒకరు వెనక నుంచి నెట్టుకుంటూ పైకెక్కిన రాత్రి తనకీ ఆలోచన వచ్చిందని మియాజాకి చెప్పాడు. ఒడ్డున పడవను ఇసుక మీదికి లాగేటప్పుడు పిలవకపోయినా వచ్చి భుజం వేసేవాళ్ళను ఎరిగిన పాఠకుడికి ఈ సంగతి వివరించనక్కరలేదు. చీకటి ఎంత నిజమైతే తోడు అంత విలువైనదవుతుంది. అంగడి పెట్టిన ఆటలో ఇతర ఆటగాడు కొనేవాడో అమ్మేవాడో. ఇక్కడ తోటివాడు.

కథావస్తువు కూడా ఈ ఆటతీరుకు తగ్గదే. ప్రభువులు వెలిగించిన నిప్పు ఆరిపోతున్నది. దాన్ని నిలబెట్టటానికి మృత్యువు పట్టని సామాన్యుణ్ణి సమిధగా వెయ్యాలి. ఇది పవిత్ర కర్తవ్యమని అతనికి నచ్చచెబుతారు. నిప్పు ఆరితే వచ్చే చీకటి యుగం మనుషులదనీ, ప్రభువుల భయం దానికేననీ తరచి చూసినవాడికి మెల్లగా తెలుస్తుంది. చివరకు తనను తాను కాల్చుకోవాలా, నిప్పును వదిలి వెళ్ళిపోవాలా అన్నది ఆడేవాడే తేల్చుకోవాలి. చీకటిని రాక్షసుడి రంగుగా చూపే ఆటకూ, చీకటి ఎవరికి భయమో అడిగే ఆటకూ మధ్య చైతన్యపు తేడా ఉంది.

అయితే ఈ ఆటను ఆకాశానికెత్తవలసిన అవసరమూ లేదు. ఇందులో చావు పాఠం చెబుతుంది. పడ్డవాడు లేస్తాడు, పోగొట్టుకున్నది తెచ్చుకుంటాడు, పట్టుదల ఉంటే గెలుస్తాడు. ఈ తర్కాన్ని జీవితానికి అన్వయించటమే ప్రమాదం. ఒక ఏడాది పత్తిలో పోయిన పెట్టుబడిని మరుసటి ఏడాది పత్తిలోనే రాబట్టుకోవాలని అప్పు మీద అప్పు చేసి అదే చేలోకి దిగిన రైతులు మన నల్లరేగళ్ళలో ఎందరో ఉన్నారు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ నాశనం చేసినప్పుడు పురుగుమందు తాగినవాళ్ళకు రెండో అవకాశం ఏ చలిమంట దగ్గరా దొరకలేదు. వాళ్ళకు పట్టుదల తక్కువై కాదు. ఆట నియమాలు వాళ్ళు చేసినవి కావు, మార్చే అధికారమూ వాళ్ళకు లేదు. 'డార్క్ సోల్స్' ప్రపంచపు నియమాల అన్యాయాన్ని చూపించగలిగింది. కానీ ఆడేవాడి చేతిలో పెట్టింది మాత్రం ఒంటరి మనిషి ఓర్పునే. తోటివారి సాయం ఉన్నా, అది అతన్ని దారి దాటించటానికే, దారిని మార్చటానికి కాదు. అది ఆ ఆట హద్దు.

చీకటి కథలు మనకు కొత్తవేమీ కావు. 1951లో 'పాతాళభైరవి' ఒక తోటమాలి కొడుకును మాంత్రికుడి గుహలోకి దింపింది. గుంటూరు జిల్లా నుంచి మద్రాసు వెళ్ళిన దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి, 'రాకాసిలోయ', 'శిథిలాలయం' వంటి సీరియల్స్‌తో 'చందమామ' పాఠకులను ఏళ్ళ తరబడి పాడుగుళ్ళలో తిప్పారు. ఆ సంపద ఇంకా ఆటలోకి రాలేదు. పుణె సంస్థ ఒకటి 2020లో తెచ్చిన 'రాజీ' అనే సాహస క్రీడ, తోలుబొమ్మలను తలపించే నీడబొమ్మలతో కథ చెప్పింది. ప్రయత్నం మెచ్చుకోదగ్గదే. కానీ నీడలు కథ చెప్పే ఘట్టాలలోనే ఉండిపోయాయి, చేతికి వచ్చిన పోరాటంలో వాటికి పని లేకపోయింది. రూపాన్ని అరువు తెచ్చి పక్కన నిలబెట్టటం మన కవిత్వంలోనూ చూస్తున్నదే.

మియాజాకి బాల్యాన్ని గురించి ఒక సంగతి చెప్పాలి. పుస్తకాలు కొనే స్తోమత లేని ఇంట్లో పుట్టి, గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న ఇంగ్లీషు పుస్తకాలు సగమే అర్థమవుతుంటే, మిగతా సగం ఊహతో పూరించుకునేవాడట. కథను వరసగా చెప్పకుండా, దొరికిన ఉంగరం మీదా కత్తి మీదా రెండు మూడు వాక్యాల వివరణలుగా చల్లటం అతని ఆటల పద్ధతి. ఆ వాక్యాలు తెలుగులో లేవు. వాడరేవు కుర్రవాడు వాటిని కూడబలుక్కుని చదువుతూ, అర్థంకాని సగాన్ని తానే పూరించుకుంటున్నాడు. అతను పూరించే సగంలో సముద్రం ఉంటుంది, పడవ అప్పు ఉంటుంది, 2004 డిసెంబరు 26న ఒడ్డు దాటి వచ్చిన నీటిని గురించి ఇంట్లో విన్నది ఉంటుంది. ఆ సగాన్ని రాయవలసింది మన రచయితలు.

రాసేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఒక్కటే. చీకటిని వర్ణించటం ఎవరికైనా చేతనవుతుంది. చీకట్లో మనిషి ఏం పోగొట్టుకుంటున్నాడో, ఎవరి నియమాల ప్రకారం పోగొట్టుకుంటున్నాడో, పక్కన ఎవరు నిలబడ్డారో చూపించలేని రచన, అది ఆట అయినా కథ అయినా, నల్లరంగు పూసిన గోడగానే మిగిలిపోతుంది.