నక్షత్ర శబ్దార్థము - నిజామియా తారాపట్టిక

నక్షత్ర శబ్దమునకు వ్యుత్పత్తులు రెండు ప్రసిద్ధములు. క్షరింపనిది గనుక నక్షత్రమని కొందఱు వ్యాఖ్యాతలు చెప్పిరి. యాస్కుఁడు నిరుక్తమున గత్యర్థకమగు ధాతువునుండి దానిని సాధించెను. ఒకటి స్థైర్యమును, రెండవది చలనమును దెలుపును. వీనిలో వస్తుతత్త్వమునకుఁ దగిన దేది యనుట వ్యాకరణమువలనఁ దేలదు, ఆకాశమును గొలువవలసినదే. అట్టి కొలఁతల గ్రంథ మొకటి హైదరాబాదునందుఁ బుట్టినను, శబ్దార్థవిచారము చేయువారు దానివంకఁ జూచుట యరుదు.

పాతనగరపు టాగ్నేయభాగమున ఫిసల్‌బండలో పాయిగా వంశీయుఁడగు నవాబు జఫర్ జంగు 1901 సం.న వేధశాలను నెలకొల్పెను. ఆయన 1907 లో గతింపఁగా, మఱుసటి యేఁట నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించినది. పిదప నది బేగంపేటకు మాఱెను. 1887 లో పారిసున సంకల్పింపఁబడిన సర్వాకాశ ఛాయాచిత్రణమున శాంటియాగో వేధశాల నెఱవేర్పలేకపోయిన భాగము, అనఁగా దక్షిణక్రాంతి 17 మొదలు 23 అంశలవఱకుఁ గల మండలము, హైదరాబాదు వంతునకు వచ్చెను. తరువాత ఉత్తరమున 36 మొదలు 39 అంశలు. చాట్‌వుడ్డు, పోకాక్కు, భాస్కరను అను నధ్యక్షుల కాలములందుఁ బని సాగి, 12 సంపుటములలో 7,60,000 లకు మించిన తారల స్థానము లచ్చుపడినవి.

ఈ సంపుటములలో నంకెలు తప్ప వేఱేమియు లేదని పెదవి విఱుచుట తగదు. సూర్యసిద్ధాంతమునను యోగతారల ధ్రువకములు, విక్షేపములు నంకెలే. కాని యవి యే వత్సరమునఁ గొలువఁబడినవో యందుఁ జెప్పఁబడలేదు. మన జ్యౌతిషికులు మరలఁ గొలువనే లేదనుటయు న్యాయము కాదు. కేరళీయుఁడగు పరమేశ్వరుఁడు గ్రహణములను బహుకాలము పరీక్షించియే 1431 లో దృగ్గణితమును రచించెను. అయినను, ప్రతి పలకకును దినమును జేర్చి స్థానమును వ్రాయుటలోని గుణము వేఱు. అట్టి లెక్క నూఱేండ్ల తరువాత వచ్చు పరీక్షకునకుఁ బనికివచ్చును, వాని చేతఁ దిద్దఁబడును.

1718 లో హాలీ పండితుఁడు టాలెమీ గ్రంథమునందలి స్థానములతోఁ దన కాలపు స్థానములఁ బోల్చి, లుబ్ధకమును స్వాతియుఁ గదలినవని కనుఁగొనెను. స్వాతి చంద్రబింబపు వెడల్పంత జరుగుటకు సుమారు 800 సంవత్సరములు పట్టును. ఈ పోలికయే 2000 సం.న వెలువడిన టైకో-2 పట్టికలో 25 లక్షల తారలకు విస్తరించినది. హిప్పార్కసు ఉపగ్రహపుఁ గొలఁతలకుఁ బ్రాచీనసాక్ష్యముగా నిలిచిన పట్టికలలో హైదరాబాదు సంపుటములును గలవు.

క్షరింపదనుటయు నిలువదు, సూర్యుఁడను తార సెకనునకు 40 లక్షల టన్నులకు మించిన ద్రవ్యమును దేజోరూపమునఁ గోల్పోవుచున్నది. అట్లని యాస్కుఁడు తారల స్వగతి నెఱిఁగెనని కొనియాడుటయు విమర్శ కాదు. ఆయన యెఱిఁగిన గతి రాత్రి రాత్రి కన్నులకుఁ గానవచ్చు నుదయాస్తమయములదే కావలయును. నిఘంటుకారులు మాత్రము నక్షత్రమునకు ‘స్థిరమైన జ్యోతి’ యని వ్రాయునెడ, నది ప్రాచీనుల భావన యని పక్కనఁ జేర్చుట యుచితము.