కుర్చీ ఎవరిది?

ఈ వారాంతం ఏం చూడమంటారని అడిగిన మిత్రులకి ‘సివరపల్లి’ చూడమన్నాను. 2025 జనవరిలో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్లు. హిందీ ‘పంచాయత్’ (2020)కి రీమేక్. అది చూసినవాళ్ళకి కథలో కొత్తదనం ఉండదు. ఇంజనీరింగ్ చదివి, ఇష్టం లేకుండానే పల్లెలో పంచాయతీ కార్యదర్శిగా చేరిన కుర్రాడి తిప్పలు. రాగ్ మయూర్ ఆ విసుగుని బాగా పట్టుకున్నాడు.

అయినా నన్ను కూర్చోబెట్టింది మురళీధర్ గౌడ్. ఆయన సర్పంచ్ కాదు, సర్పంచ్ భర్త. ఎన్నికైంది భార్య, పెత్తనం ఆయనది. తెలంగాణ పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవే, కానీ ఈ తంతు మనకి తెలియనిదేం కాదు. అందుకే ఎక్కడో ఉత్తరప్రదేశ్ బలియా జిల్లాలో పుట్టిన కథ ఇక్కడ అతుకు కనపడకుండా ఒదిగిపోయింది.

నా పేచీ కూడా అక్కడే. ఆ పెద్దమనిషిని ఎంత ముద్దుగా రాశారంటే, కుర్చీ ఉండీ లేనట్టున్న ఆవిడ సంగతి నవ్వుల్లో కొట్టుకుపోతుంది. నేనూ నవ్వాను. తర్వాత కొంచెం సిగ్గేసింది.

తప్పకుండా చూడండి. నవ్వొచ్చినప్పుడల్లా ఒక్క క్షణం రూపలక్ష్మి మొహం కూడా చూడండి.