లెక్కకు రాని చావులు: మత్తుమందు మరణాల గణాంకాలపై ఒక విమర్శ

ఒక దేశపు ఆరోగ్యస్థితిని తెలుసుకోగోరేవారు మొట్టమొదట తిరగవేయవలసిన గ్రంథం మరణాల పట్టిక. ఎవరు, ఎక్కడ, ఏ వయస్సులో, ఏ కారణం వలన చనిపోయారో చెప్పే ఆ అంకెల వరుసలను చూసి విద్యార్థులు విసుగు చెందవచ్చు. కాని ఏ జిల్లాకు ఏ మందు పంపాలి, ఏ ఆసుపత్రిలో ఏ వైద్యుడు ఉండాలి, ప్రజల పన్నుల సొమ్ము దేనిపై ఖర్చు చేయాలి అన్న ప్రశ్నలకు సమాధానం ఆ వరుసలలోనే ఉంటుంది. అంకె తప్పయితే చికిత్స కూడా తప్పుతుంది.

మత్తుమందుల వలన కలిగే మరణాలను మన దేశంలో ఎలా లెక్కిస్తున్నారు? ఈ విషయానికి సంబంధించి మూడు ప్రభుత్వ ప్రచురణలు ఉన్నవి. వాటిని ముందుంచుకొని, జహీరాబాదు వంటి ఒక పట్టణానికి అవి ఎంతమాత్రం ఉపకరిస్తాయో పరిశీలిద్దాం.

కల్లు కాని కల్లు

సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు హైదరాబాదునుండి షోలాపురం వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారిపై, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్నది. 2016లో జిల్లాల విభజన జరిగేవరకు ఇది మెదక్ జిల్లాలోనిది. ఈ ప్రాంతంలోనూ, ఉత్తరాన కామారెడ్డి, నిజామాబాదు జిల్లాలలోనూ మత్తుమందు అనగానే తలచుకోవలసినది సూదిమందు కాదు; కల్తీకల్లు.

తాటిచెట్టు, ఈతచెట్టు ఇచ్చే కల్లుకు హద్దు ఉన్నది. చెట్టు ఇంత అని ఇస్తుంది. కాలం మారితే అదీ ఇవ్వదు. గిరాకీకి మాత్రం హద్దు లేదు. ఈ రెండింటి నడుమ ఏర్పడిన లోటును కొందరు వ్యాపారులు నీటితోనూ, శాకరిన్‌తోనూ, నిద్రమందులతోనూ పూడ్చారు. మొదట క్లోరల్ హైడ్రేట్, ఆ తరువాత డయజిపామ్, ఇప్పుడు ముఖ్యంగా ఆల్ప్రజోలామ్. తాటిచెట్టు క్రింద పాలు తాగినా కల్లే అంటారని మన సామెత. నేడు ఆ సామెత తలక్రిందులైంది. తాటిచెట్టు ముఖమైనా చూడని ద్రవాన్ని కూడా కల్లే అంటున్నాము.

ఆల్ప్రజోలామ్ శక్తి ఎంతటిదో ఒక చిన్న గుణకారంతో గ్రహించవచ్చు. ఆందోళన తగ్గించుటకు వైద్యులు వాడే చిన్న మాత్రలో ఈ మందు 0.25 మిల్లీగ్రాములు మాత్రమే ఉంటుంది. అంటే ఒక కిలో పొడిలో 40 లక్షల మాత్రలకు సరిపడే మందు ఉన్నదన్నమాట. 1985నాటి మాదకద్రవ్యాల చట్టం క్రింద 100 గ్రాములు దాటితే దానిని వాణిజ్య పరిమాణంగా లెక్కిస్తున్నారంటే ఆశ్చర్యం లేదు. ఇట్టి పొడిని చేతికొలతతో పెద్ద తొట్టిలో కలిపినప్పుడు ఒక సీసాలో ఎంత పడుతుందో, మరొక సీసాలో ఎంత పడుతుందో కలిపినవానికే తెలియదు.

రెండు విధాల ప్రాణాపాయం

మన మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని అణచివుంచే ‘గాబా’ అనే రసాయనం ఉన్నది. ఆల్ప్రజోలామ్ దాని పనిని ఎక్కువ చేస్తుంది. అందుచేత మనస్సు నెమ్మదించి నిద్ర వస్తుంది. ఒంటరిగా తీసుకొన్నప్పుడు ఈ జాతి మందులు ప్రాణం తీయడం అరుదు. కాని సారాయి సత్తువ తోడైతే రెండూ కలిసి శ్వాసకేంద్రాన్ని మందగింపజేస్తాయి. ఇది మొదటి అపాయం.

రెండవది ఇంతకంటె చిత్రమైనది. ప్రతిదినం ఈ మందు అందుతూ ఉంటే మెదడు దానికి అలవాటుపడి, తన సహజమైన అణచివేతను తగ్గించుకొంటుంది. ఒకనాడు మందు హఠాత్తుగా ఆగిపోతే అణచేది ఏదీ లేక నాడీమండలం పెచ్చరిల్లుతుంది. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి ఉన్నట్లు కనబడతాయి, మూర్ఛలు వస్తాయి. ప్రాణం పోవచ్చు కూడా. కాబట్టి ఇక్కడ మితిమీరడం వలన కలిగే చావు ఒకటి, ఆగిపోవడం వలన కలిగే చావు వేరొకటి.

ఈ భేదం కేవలం పాఠ్యవిషయం కాదు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీకల్లుపై దాడులు తీవ్రం చేసినప్పుడు నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలలో కల్లు మాని వింతగా ప్రవర్తిస్తున్నవారిని, మూర్ఛపోయినవారిని బంధువులు ఆసుపత్రులకు మోసుకొనిపోయారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో జరిగినది మరొక తీరు. అక్కడ కల్లు త్రాగినవారు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. పలువురికి మూత్రపిండాలు దెబ్బతిన్నవి, కొందరు మరణించారు. కల్లు నమూనాలలో ఆల్ప్రజోలామ్ ఉన్నట్లు పరీక్షలలో తేలింది. మృతుల సంఖ్యను మాత్రం ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క విధంగా ప్రకటించింది. ఒక మహానగరంలో, అందరి కళ్ళ ఎదుట జరిగిన సంఘటనలోనే లెక్క కుదరలేదంటే, మారుమూల గ్రామంలో ఒంటరిగా కన్నుమూసినవాని సంగతి చెప్పనక్కరలేదు.

మొదటి పట్టిక: పోలీసులది

జాతీయ నేరనమోదు సంస్థ ఏటా వెలువరించే ప్రమాద మరణాలు, ఆత్మహత్యల నివేదికలో మితిమీరిన మత్తుమందు వలన మరణించినవారికి ఒక ప్రత్యేకమైన వరుస కేటాయించారు. ఈ ప్రయత్నం మెచ్చుకోదగినది. ఆ వరుస ప్రకారం దేశం మొత్తంమీద ఇట్టి మరణాలు 2019లో 704, 2021లో 737, 2022లో 681.

140 కోట్ల జనాభాలో ఏడాదికి సుమారు ఏడువందలు! పోల్చిచూడండి: అమెరికాలో 2022లో 1,07,941 మంది ఈ కారణంగా మరణించినట్లు లెక్క తేలింది. అక్కడి ఫెంటనిల్ ఉపద్రవం మనకు లేనిమాట నిజమే. అయినా ఇంతటి అంతరం కేవలం ఆరోగ్యంలోని అంతరమేనా? అమెరికాలో అనుమానాస్పదంగా మరణించినవాని రక్తాన్ని విషపరీక్షకు పంపడం సాధారణం. మన పట్టికకు ఆధారం పోలీసుఠాణాలోని కాగితం. ప్రక్కన సూది పడివుంటే మత్తుమందు అని, సీసా పడివుంటే కల్తీసారా అని, ఏదీ లేకపోతే అకస్మాత్తుగా మరణించాడని వ్రాసుకొనే అవకాశం ఎక్కువ. కల్లులో కలిసిన నిద్రమందు కంటికి కనబడదు గదా! అది ఏ వరుసలోకి పోతుంది? కాబట్టి 681 అన్నది మన చావుల కొలత కాదు. మన పరీక్షల కొలత.

రెండవ పట్టిక: వైద్యులది

1969నాటి జనన మరణాల నమోదు చట్టం క్రింద వైద్యుడు మరణకారణాన్ని ధ్రువీకరిస్తాడు. ఈ ధ్రువపత్రాలనుండి రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం ఏటా ఒక నివేదిక తయారుచేస్తున్నది. 2020లో దేశంలో నమోదైన 81 లక్షల పైచిలుకు మరణాలలో వైద్యధ్రువీకరణ పొందినవి నూటికి 22.5 మాత్రమే. మిగిలినవారికి కారణం చెప్పిన వైద్యుడే లేడు.

ధ్రువీకరించినవాటిలో కూడా చిక్కు ఉన్నది. ఆ పత్రంలో ప్రాణం తీసిన తక్షణ కారణాన్ని మొదటి వరుసలో వ్రాసి, దానికి దారితీసినదేమిటో, దానికి మూలమేమిటో క్రింది వరుసలలో క్రమంగా వ్రాయాలి. పట్టికలోకి ఎక్కవలసినది అన్నిటికంటె అడుగున ఉన్న మూలకారణం. వైద్యుడు ‘మూత్రపిండాల వైఫల్యం’ అని ఒక్కమాట వ్రాసి క్రింది వరుసలు ఖాళీగా వదిలితే ఆ మరణం మూత్రపిండాల రోగంగానే లెక్కకు వస్తుంది. కల్లుసీసా పేరు ఎక్కడా రాదు. అయితే ఈ లోపానికి వైద్యుణ్ణి నిందించడం సులభం గాని న్యాయం కాదు. రక్తంలో ఏమున్నదో చెప్పే పరికరం చేతిలో లేనప్పుడు ఆయన తెలియనిదానిని ఎలా వ్రాస్తాడు? 2023లో చట్టాన్ని సవరించి, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా ప్రతి ఆసుపత్రి కారణపత్రం ఇవ్వాలని విధించారు. మంచిపనే. కాని చట్టం పత్రాన్ని ఇప్పించగలదు. దానిలో సత్యాన్ని నింపవలసినది ప్రయోగశాల.

జహీరాబాదుకు ఇంకొక చిక్కు ఉన్నది. మరణాన్ని అది సంభవించిన చోటనే నమోదు చేయాలి. ఇక్కడి రోగికి జబ్బు ముదిరితే సంగారెడ్డికో, సుమారు నూరు కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకో తీసుకొనిపోవాలి. బీదరు అంతకంటె ఎంతో దగ్గర; కాని అది కర్ణాటక. ఒకే గ్రామంలో, ఒకే తొట్టి కల్లు త్రాగిన ముగ్గురిలో ఒకడు ఇంటివద్ద, ఒకడు బీదరులో, ఒకడు హైదరాబాదులో మరణించాడనుకొందాం. అప్పుడు మూడు చోట్ల మూడు విడి చావులు నమోదవుతాయి. వాటిని కలిపే దారం ఎవరి చేతిలోనూ ఉండదు.

మూడవ పట్టిక: పరిశోధకులది

2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ పక్షాన ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ మాదకద్రవ్యాల వాడకంపై ఒక నివేదిక ప్రకటించింది. 186 జిల్లాలలో రెండు లక్షల ఇళ్ళకు పోయి, 4,73,569 మందిని ప్రశ్నించి తయారుచేసిన ఈ గ్రంథం నిజంగా గొప్ప కృషి. వైద్యుని సలహా లేకుండా నిద్రమందులు వాడేవారు దేశంలో సుమారు 1.18 కోట్ల మంది ఉన్నారని అది అంచనా కట్టింది.

కాని ఈ పద్ధతికి ఒక సహజమైన హద్దు ఉన్నది. ప్రశ్నకు సమాధానం చెప్పేవాడు తాను ఏమి సేవిస్తున్నాడో ఎరిగి ఉండాలి. ‘నీవు నిద్రమందు వాడతావా?’ అని కల్లు త్రాగేవాణ్ణి అడిగితే ‘లేదు’ అంటాడు. అతడు అబద్ధమాడటం లేదు, అతనికి తెలియదు. తనకు తెలియకుండానే బానిసైనవాణ్ణి ఏ ప్రశ్నావళి పట్టుకోగలదు? మూత్రపరీక్ష పట్టుకోగలదు. పైగా ఇది వాడకపు లెక్కేగాని మరణాల లెక్క కాదు.

లెక్కకు ఖర్చు దండుగా?

ఈ మూడు పట్టికలనూ కలిపి చూస్తే లోపమంతా ఒకేచోట ఉన్నట్లు తేలుతుంది. గుమాస్తాలు ఉన్నారు, పత్రాలు ఉన్నవి, చట్టం ఉన్నది, రసాయనపరీక్ష లేదు. మత్తుమందులపై మనం ధనం వెచ్చించడం లేదని అనలేము. 2020లో ఆరంభమైన ‘నషా ముక్త్ భారత్’ ప్రచారం చేస్తున్నది. తెలంగాణలో 2023లో ఏర్పడి, 2025లో ‘ఈగిల్’ అనే పేరు తాల్చిన పోలీసు విభాగం సరుకును పట్టుకొంటున్నది. రెండూ అవసరమే. కాని చనిపోయినవాని రక్తంలో ఏమున్నదో చెప్పడం వాటి పని కాదు.

చికిత్సకే డబ్బు చాలనప్పుడు చచ్చినవారిని లెక్కించడానికి ఖర్చెందుకని కొందరు అడగవచ్చు. ఈ ప్రశ్నకు పైన చెప్పిన రెండు విధాల చావే సమాధానం. ఒక మండలంలో మరణాలు మితిమీరిన మోతాదు వలన కలుగుతున్నవని తేలితే దుకాణం వెంటనే మూయించాలి. మందు ఆగిపోవడం వలన కలుగుతున్నవని తేలితే, దుకాణం మూయడానికి ముందే ఆసుపత్రిలో పడకలు, మోతాదును క్రమంగా తగ్గిస్తూ మాన్పించే వైద్యం సిద్ధం చేయాలి. తెలియకుండా మొదటి పనే చేస్తే మేలు చేయబోయి చావులు పెంచినవారమవుతాము. లెక్క ఇక్కడ చికిత్సకు పోటీ కాదు, చికిత్సకు కన్ను.

అమెరికా ప్రభుత్వం 2019నుండి రాష్ట్రాలకు, స్థానిక ఆరోగ్యశాఖలకు ఈ లెక్కల నిమిత్తమే ప్రత్యేక నిధులు ఇస్తున్నది. విషపరీక్షలలో ఏ మందు బయటపడితే ఆ ప్రాంతంలో దానికి తగిన నివారణ చేపట్టడం ఆ పథకం ఉద్దేశ్యం. 2024లో అక్కడ మరణాలు సుమారు 80 వేలకు దిగినవి. ఈ తగ్గుదల అంతా లెక్కల పుణ్యమే అనడం అతిశయోక్తి. కాని తగ్గినదని తెలిసినది మాత్రం లెక్క వలననే. అక్కడి మందును ఇక్కడ గుడ్డిగా వాడరాదన్నదీ లెక్క నేర్పే పాఠమే. ఫెంటనిల్‌కు విరుగుడైన నలాక్సోన్ ఆల్ప్రజోలామ్‌పై పనిచేయదు.

మనం చేయవలసినది అసాధ్యమైనది కాదు. ప్రాంతీయ ఆసుపత్రులలో నిద్రమందులను మూత్రంలో గుర్తించే పరీక్షపట్టీలు ఉంచాలి. అనుమానాస్పద మరణాలలో రక్తాన్ని జిల్లాస్థాయిలోనే పరీక్షించే ఏర్పాటు చేయాలి. ఆ ఫలితం న్యాయస్థానానికే కాక, ధ్రువపత్రం వ్రాసిన వైద్యునికీ, రిజిస్ట్రారుకూ చేరి, కారణాన్ని సరిదిద్దాలి. మృతుని నివాసమండలాన్ని బట్టి, పేర్లు లేకుండా, నెలనెలా ఒక పట్టిక వెలువడాలి. సరిహద్దు జిల్లాలు దానిని ఇచ్చిపుచ్చుకోవాలి. అంటురోగాల కొరకు 2004నుండి నడుస్తున్న జిల్లా నిఘా వ్యవస్థ ఈ బరువును మోయగలదు. దానికి నిధి, సిబ్బంది సమకూర్చాలి. కుటుంబాలకు అపకీర్తి వస్తుందన్న భయం అక్కరలేదు. మరణపత్రపు నకలులో కారణాన్ని వెల్లడించరాదని 1969నాటి చట్టమే చెబుతున్నది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. గణాంకశాస్త్రం బోధించేటప్పుడు సగటు కట్టడంతో ఆగకండి. ఏ అంకెను చూపినా, ‘దీనిని ఎవరు లెక్కించారు? ఎలా తెలుసుకొన్నారు? ఎవరిని విడిచిపెట్టారు?’ అని విద్యార్థులచేత అడిగించండి. పట్టికలో సున్న ఉన్నచోట చావు లేదని అర్థం కాకపోవచ్చు. చూచినవారు లేరని కావచ్చు. జహీరాబాదు చుట్టుపట్ల గ్రామాలలో ‘త్రాగి పోయాడు’ అన్న ఒక్కమాటతో ముగిసిపోయే ప్రతి చావు వెనుక, రేపటి చావును ఆపగల ఒక సమాచారం మట్టిలో కలిసిపోతున్నది. దానిని వెలికితీయడానికి అయ్యే ఖర్చు ఆరోగ్యశాఖ బడ్జెటులో ఒక వరుసగా కనబడేవరకు, మనం ప్రకటించే నివారణ పథకాలన్నీ చీకటిలో వేసిన అడుగులే.