డైమండ్ల కన్నా ముందు గ్లూ వాల్

ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో ఒక మ్యాచ్‌కు 50 మంది దిగుతారు. చివరిదాకా నిలబడ్డవాళ్లకు బూయా, అంటే గెలుపు. గరీనా సంస్థ 2017లో తెచ్చిన ఫ్రీ ఫైర్‌కు ఇది మెరుగైన గ్రాఫిక్స్‌తో 2021 సెప్టెంబర్‌లో వచ్చిన రూపం. పబ్జీ తరహా ఆటకు మంచి ఫోనూ, అరగంట తీరికా ఉండాలి. ఫ్రీ ఫైర్ చవక ఫోన్లోనూ నడుస్తుంది, మ్యాచ్ కూడా త్వరగా తేలిపోతుంది. మహబూబాబాద్ జిల్లా గూడూరు లాంటి మండల కేంద్రాల్లో, చుట్టుపక్కల తండాల్లో పిల్లల చేతికి ఇది చిక్కడానికి కారణం అదే. కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించిన 54 యాప్‌లలో ఫ్రీ ఫైర్ ఉంది, మ్యాక్స్ లేదు. ఒకే ఐడీతో రెండింట్లోనూ ఆడే వీలు అంతకు ముందే ఉండటంతో, ఆడేవాళ్లు కూడబెట్టుకున్నదంతా వెంటబెట్టుకుని మ్యాక్స్‌లోకి మారిపోయారు.

ఈ ఆటలో ఎదగడమంటే డబ్బు పెట్టి డైమండ్లు టాపప్ చేయడమేనని చాలామంది అనుకుంటారు. డబ్బుతో కొనగలిగేది ఇందులో కొంతే. మ్యాచ్‌ను నిజంగా మార్చేవి చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి. వాటిని ఏ వరసలో పట్టుకోవాలన్నదే తెలియాలి.

ముందు ఫోన్. ర్యామ్ తక్కువున్న ఫోన్‌లో గ్రాఫిక్స్‌ను అల్ట్రాలో పెట్టి ఆడితే బొమ్మ బాగుంటుంది కానీ, ఎదురుపడ్డ క్షణంలో తెర ఆగిపోతుంది. స్మూత్‌లో పెట్టి, ఎఫ్‌పీఎస్‌ను హైలో ఉంచడం మేలు. చార్జింగ్ పెట్టి ఆడితే ఫోన్ వేడెక్కి వేగం తగ్గుతుంది కాబట్టి ముందే నింపుకోవాలి. నెట్ ఎంత ఆలస్యమవుతోందో చూపే పింగ్ అంకె తెర పైన ఎర్రబడుతూ ఉంటే అది ర్యాంక్ మ్యాచ్ ఆడే సమయం కాదు. అడవి అంచు ఊళ్లలో సిగ్నల్ ఊగిసలాడేటప్పుడు ట్రైనింగ్ గ్రౌండ్‌లో చెయ్యి సాధన చేసుకోవడం లాభం.

ఆ సాధనలో మొదటిది సెన్సిటివిటీ. జనరల్, రెడ్ డాట్, 2ఎక్స్, 4ఎక్స్, స్నైపర్ స్కోప్ అంటూ ఒక్కోదానికి విడివిడి అంకెలుంటాయి. యూట్యూబ్‌లో ఎవరో పెద్ద ఆటగాడు చెప్పిన అంకెలు యథాతథంగా పెట్టుకోవడం ఊరూరా ఉన్న అలవాటు. అతని ఫోన్ వేరు, తెర వెడల్పు వేరు, బొటనవేలు వేరు. ఆ అంకెలు ఇక్కడ పనిచేస్తాయన్న భరోసా లేదు. పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ట్రైనింగ్ గ్రౌండ్‌లో బొమ్మ ఎదుట నిలబడి, గురి ఛాతీ మీద పెట్టి, ఫైర్ బటన్‌ను నొక్కుతూనే వేలిని పైకి లాగాలి. దీన్నే డ్రాగ్ అంటారు. గురి తల దాటి ఆకాశంలోకి పోతే సెన్సిటివిటీ ఎక్కువైనట్టు, మెడ దగ్గరే ఆగితే తక్కువైనట్టు. ఒక్కోసారి కొద్దిగానే మార్చి, మార్చిన ప్రతిసారీ మళ్లీ లాగి చూడాలి. తలకు తగిలే దెబ్బ ఒంటికి తగిలేదానికంటే చాలా పెద్దది కాబట్టి ఈ సాధన ఏ స్కిన్ కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది. సరిపోయిన అంకె దొరికాక దాన్ని ఇక కదపకూడదు. ఓడిన ప్రతి మ్యాచ్ తర్వాత సెట్టింగులు మార్చేవాడికి చెయ్యి ఎప్పటికీ కుదురుకోదు.

దిగే చోటు తర్వాతి సంగతి. బెర్ముడా మ్యాప్‌లో పీక్, క్లాక్ టవర్ మీద దిగితే లూట్ బాగుంటుంది, జనమూ అక్కడే ఉంటారు. కొత్తవాళ్లు విమానం దారికి దూరంగా, నాలుగైదు ఇళ్లున్న చోట దిగి, రెండు తుపాకులు, హెల్మెట్, వెస్ట్ చిక్కాక కదలడం మంచిది. దగ్గరికి ఎంపీ40 లాంటి ఎస్‌ఎంజీనో, షాట్‌గన్నో ఒకటి, దూరానికి అసాల్ట్ రైఫిల్ ఒకటి ఉంటే చాలు. రెండూ ఒకే రకం పట్టుకున్నవాడు సగం మైదానంలో నిరాయుధుడే. సురక్షిత వలయం (జోన్) మూసుకొచ్చేదాకా ఇంట్లోనే కూర్చుని చివర్లో పరుగెత్తడం ఇంకో తప్పు. ముందుగా లోపలికి చేరినవాడికి వెనుక భద్రం, ఎదురుగా పరుగెత్తుకొచ్చేవాళ్లే ఉంటారు.

ఈ ఆటను మిగతా షూటింగ్ ఆటల నుంచి వేరుచేసేది గ్లూ వాల్. గ్రెనేడ్‌లా చేతిలో ఉండి, వేయగానే మంచుగోడలా లేస్తుంది. బయలు మైదానంలో పట్టుబడ్డప్పుడు చెట్టూ బండా వెతుక్కోకుండా అక్కడికక్కడే చాటు కల్పిస్తుంది. కొత్తవాళ్లు దీన్ని ఆలస్యంగా వేస్తారు, దూరంగా వేస్తారు. తెర మీద వేలిని కిందికి జరిపి చూపును నేల వైపు దించి వేస్తే గోడ కాళ్లకు దగ్గరగా లేస్తుంది. దూరంగా లేచిన గోడ పక్కనుంచి శత్రువు సులువుగా తిరిగొస్తాడు. బటన్‌ను కూడా వేలికి అందేచోటికి జరుపుకోవాలి. కస్టమ్ హెచ్‌యూడీలో అది నిమిషం పని. దెబ్బ తగలగానే ఎదురు కాల్పులకు దిగకుండా ముందు గోడ, తర్వాత మెడ్‌కిట్, ఆ తర్వాతే తుపాకీ అన్న వరస చేతికి అలవాటు కావాలి. గోడ చాటున ప్రాణం నింపుకునేటప్పుడు అడుగుల చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో చెవి పెట్టాలి. అందుకు పది వేల ఫోన్ కన్నా వంద రూపాయల ఇయర్‌ఫోన్ ఎక్కువ అక్కరకొస్తుంది. గోడలు దండిగా ఉన్నాయని దారిపొడవునా వేసుకుంటూ పోయేవాడు చివరి జోన్‌లో ఉత్తచేతులతో మిగులుతాడు. ఆ చిన్న వలయంలో చెట్టు చాటు దొరకడం అదృష్టమే కాబట్టి, లూట్‌లో తూటాలు కొంచెం తగ్గించుకునైనా గోడలు మిగుల్చుకోవాలి.

పాత్రల నైపుణ్యాలు దీని తర్వాత వస్తాయి. ఒక పాత్రకు ఒక యాక్టివ్ స్కిల్, మూడు పాసివ్ స్కిల్స్ జత చేసుకోవచ్చు. యాక్టివ్‌లో అలోక్ చాలామందికి నచ్చేవాడు. బ్రెజిల్‌లో నిజంగానే ఉన్న డీజే పేరుతో వచ్చిన ఈ పాత్ర, చుట్టూ ఉన్న జట్టువాళ్లకు కూడా కొన్ని సెకన్లపాటు వేగం, ప్రాణం రెండూ ఇస్తుంది. పాసివ్‌లో కెల్లీ పరుగు పెంచుతుంది, మోకో తగిలిన శత్రువు ఎక్కడున్నాడో చూపిస్తుంది, హయాతో ప్రాణం తగ్గేకొద్దీ ఎదుటివాడి కవచాన్ని ఎక్కువగా చీలుస్తాడు. ముందుకు దూసుకెళ్లి రష్ చేసేవాడికి ఈ మూడూ బాగా కలిసొస్తాయి. దూరం నుంచి స్నైపర్ పట్టుకునేవాడికి కెల్లీ అంతగా అక్కరలేదు. ఎవరి ఆట తీరును బట్టి వాళ్లు జత కట్టుకోవాలి. పాత్రలను కొనాలన్న నియమం కూడా లేదు. చాలావాటిని ఆడుతూ సంపాదించిన గోల్డ్‌తో తీసుకోవచ్చు. ఆటలోని లింక్ విభాగంలో ఒక పాత్రను పెట్టుకుని ఆడుతూ పోతే కొన్ని ఊరికే చేతికొస్తాయి. గోల్డ్ చేరగానే కనబడ్డ పాత్రనల్లా కొనకుండా, అవసరమైన నాలుగింటికే దాచుకోవడం తెలివి. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ స్కిల్స్ బలం కొంత మారుతుంది. కాబట్టి పాత వీడియోలు నమ్మకుండా ఆటలోనే వివరణ చదవాలి.

ఇక స్కిన్‌లు. పబ్జీకి భారత రూపమైన బీజీఎంఐలో ఎం416 తుపాకీ స్కిన్ గ్లేసియర్‌ను మెట్టుమెట్టుకూ పెంచుకున్నా పెరిగేది మెరుపే, తూటా బలం మారదు. ఫ్రీ ఫైర్‌లో అలా కాదు. తుపాకీ స్కిన్‌కు డ్యామేజ్ కొంచెం పెంచడం, రీలోడ్ కొంచెం తగ్గించడం లాంటి గుణాలుంటాయి. ఎవో గన్‌లను టోకెన్లతో లెవెల్ పెంచుకోవచ్చు. అంటే డబ్బుకు ఇక్కడ కొంత పైచేయి ఉంది, ఆ మాట దాచనక్కరలేదు. అయినా ఆ పైచేయి గురి కుదిరినవాడికే దక్కుతుంది. పైగా ఎవో గన్‌లు ఎక్కువగా స్పిన్ (లక్కీ డ్రా) రూపంలో వస్తాయి. ఎన్ని డైమండ్లకు చిక్కుతుందో ముందుగా తెలియదు. ఇంటివాళ్లు మిర్చి ఏరడానికి పోయి తెచ్చిన కూలిని స్పిన్‌లో పోయడం ఏ లెక్కనా సమర్థనీయం కాదు. ఆటలో జరిగే ఈవెంట్లలో ఉచితంగా వచ్చే స్కిన్‌లలో రోజూ వాడే తుపాకీకి సరిపడేది ఒకటి ఎంచుకుంటే ప్లాటినం, డైమండ్ ర్యాంకుల దాకా ఆడటానికి ఏ ఇబ్బందీ ఉండదు.

ర్యాంకు పెరగడానికి కిల్స్ ఒక్కటే చాలవు. ఎంతసేపు నిలిచారన్నదానికీ పాయింట్లుంటాయి. హీరోయిక్ వైపు పోవాలంటే తెలిసిన నలుగురు కలిసి స్క్వాడ్ కట్టడం మేలు. ఒకడు ముందు, ఒకడు వెనుక దూరం చూస్తూ, ఎవరు నాక్ అయినా లేపడానికి గోడ వేసేవాడు ఒకడు ఉంటే పాయింట్లు నిలకడగా వస్తాయి. నలుగురిపై నలుగురు ఆడే క్లాష్ స్క్వాడ్‌లో నాలుగు రౌండ్లు ముందు గెలిచినవాళ్లది విజయం. ప్రతి రౌండ్‌కూ ఇచ్చే డబ్బును మొదటి రౌండ్‌లోనే ఊడ్చేయకుండా, చవక తుపాకీతో ఆడి మిగిల్చుకున్న జట్టు తర్వాతి రౌండ్లకు పెద్ద తుపాకులు, గోడలు రెండూ కొనగలుగుతుంది. సీజన్ మారగానే ర్యాంకు కిందికి జరుగుతుంది. దాన్ని చూసి మొదటి రోజే రాత్రంతా ఆడితే గురి, చదువు రెండూ చెడతాయి.

సంపాదించిన ఐడీని కాపాడుకోవడం చివరి పని. గెస్ట్‌గా ఆడేవాళ్లు యాప్ తీసేస్తే, ఫోన్ మారిస్తే ఐడీ పోయే ప్రమాదం ఉంది. గూగుల్‌తోనో, ఫేస్‌బుక్‌తోనో లింక్ చేసుకోవాలి. డైమండ్లు ఉచితంగా ఇస్తామనే సైట్లు అడిగేది పాస్‌వర్డ్, ఓటీపీ. ఇచ్చారో, ఐడీ పోతుంది, ఒక్కోసారి ఇంట్లోవాళ్ల బ్యాంకు ఖాతా కూడా. హ్యాక్ యాప్ వాడితే గరీనా ఐడీని శాశ్వతంగా ఆపేస్తుంది. ఎంట్రీ ఫీజు కట్టించుకుని గెలిచినవాళ్లకు డబ్బు పంచే కస్టమ్ రూములు ఆట కిందికి రావు, పందెం కిందికి వస్తాయి. ఆన్‌లైన్‌లో పందెం కాయడాన్ని తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు ఆటలను దేశమంతటా నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం వాటి నుంచి వేరు చేసి గుర్తించింది. నిజంగా పోటీల్లోకి దిగాలనుకునే కుర్రాళ్లు ఆ రూముల జోలికి పోకుండా, గరీనా సొంతంగా ప్రకటించే పోటీల నియమాలు, వయసు షరతులు చదివి పేరు నమోదు చేసుకోవాలి.