టీపాట్ అడుగున ముద్ర: ఎంతవరకు సాక్ష్యం?

పాత వస్తువుల కాలనిర్ణయంలో తయారీదారు ముద్రకు ఉన్న ప్రాధాన్యం మీకు తెలుసు. అయితే ముద్ర దొరకగానే కాలం తేలిపోయిందనుకోవడం పొరపాటు. ఇంగ్లండు ప్యూటర్ టీపాట్ల విషయంలో ఈ పొరపాటు తరచు జరుగుతుంది. ప్యూటర్ అంటే తగరం ప్రధానంగా ఉండే మిశ్రలోహం.

షెఫీల్డ్‌కు చెందిన జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్ సంస్థనే తీసుకోండి. దాని మూలం 1806. అందుకని ఆ పేరున్న టీపాట్‌ను 1806 నాటిదని చెప్పేవారున్నారు. అది సంస్థ పుట్టిన సంవత్సరమే గాని టీపాట్ పుట్టినది కాదు. తొలి దశలో సంస్థ పేరు డిక్సన్ అండ్ స్మిత్. ‘అండ్ సన్స్’ అన్న మాట 1830లలో చేరింది. పేరుతో పాటు బాకా బొమ్మ కూడా ఉంటే ఆ టీపాట్‌ను 1880 ప్రాంతానికి లేదా ఆ తర్వాతి కాలానికి చేర్చాలి.

అడుగున విడిగా కొట్టిన అంకెలు మరీ మోసం చేస్తాయి. 1784 అని కనబడితే అమ్మేవారికి సంతోషమే! కాని అవి సాధారణంగా నమూనా సంఖ్యలు. ఆ అంకెల పక్కనే ‘ఈ.పి.బి.ఎం.’ అని ఉందనుకోండి. బ్రిటానియా మెటల్ అనే ప్యూటర్ రకం మీద విద్యుత్తుతో వెండిపూత పూశారని దాని అర్థం. ఎల్కింగ్టన్‌లు ఈ పూత పద్ధతికి పేటెంట్ పొందింది 1840లో. కనుక 1784 సంవత్సరం కానేరదు.

‘ఇంగ్లండ్’ అన్న మాట కూడా ఉపయోగపడే ఆధారమే. దిగుమతి వస్తువులపై దేశం పేరు ఉండాలని అమెరికా 1890 నాటి సుంకాల చట్టం కోరింది. అందువల్ల ఆ మాట ఉన్న టీపాట్ చాలావరకు 1891 తర్వాతిదే. దీన్ని తిరగేసి, ఆ మాట లేనిది అంతకు ముందుదని వాదించకండి. స్వదేశంలో అమ్మిన సరుకుకు ఆ అవసరం లేదు.

ఇక లండన్ పనివారి ముద్రలు. వారి సంఘం ముద్రలను లోహపు పలకలపై నమోదు చేయించేది. పాత పలకలు 1666 అగ్నిప్రమాదంలో పోయాయి. తర్వాతివి మిగిలాయి, విలువైనవి కూడా. ముద్రలో సంవత్సరం ఉన్నా, పనివాడు అదే అచ్చును ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వాడి ఉండవచ్చు. కొందరు వెండి హాల్‌మార్కులను పోలిన చిన్న గుర్తులు కూడా కొట్టారు. వాటిని వెండి పట్టికలతో పోల్చి సంవత్సరం చెప్పడం నిష్ప్రయోజనం.

అభ్యాసం: ఒక టీపాట్ అడుగున ‘జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్’, ‘ఈ.పి.బి.ఎం.’, 1806 ఉన్నాయి. బాకా బొమ్మ లేదు. ఇది ఏ సంవత్సరానికి ముందుది కాజాలదు? ఏ ఆధారంతో చెప్పారో రాయండి.