నాలుగు హద్దులు

అర్జీ రాయడానికి కూర్చున్నప్పుడు ముందుగా కాగితాన్ని ఎడమవైపు రెండు వేళ్ల వెడల్పున మడతపెడతాను. ఆ మడతే మార్జిన్. తర్వాత గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం ఎకరాల్లో, సెంట్లలో. ఆ కింద నాలుగు హద్దులు: తూర్పున ఎవరి చేను, దక్షిణాన ఏ బోదె, పడమట ఎవరు, ఉత్తరాన డొంక ఉందా లేదా. ఇవన్నీ సరిచూసుకున్నాకే ‘నమస్కరించి వ్రాసుకొను విన్నపము’ అని మొదలుపెడతాను. బడి నుంచి రిటైరయ్యాక పామర్రు చుట్టుపక్కల రైతులకు ఇలా ఎన్ని రాసిపెట్టానో లెక్క లేదు. మొదట్లో ఒకసారి పడమటి హద్దులో చనిపోయిన తండ్రి పేరు రాశాను, కొడుకు పేరు రాయాల్సిన చోట. ఆ ఒక్క పేరు కోసం ఆ రైతు మూడు నెలలు ఆఫీసు మెట్లెక్కి దిగాడు. అప్పటినుంచి పొలానికి వెళ్లి, గట్టు మీద నిలబడి, కళ్లారా చూశాకే రాస్తున్నాను.

అలా గట్టు మీద నిలబడిన ప్రతిసారీ నాకు ఆచార్య రంగా గారు గుర్తొస్తారు. గోగినేని రంగనాయకులు గారు. 1900లో నిడుబ్రోలులో రైతు ఇంట పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పాఠం చెప్పిన మనిషి. ఆ ఉద్యోగం చేసుకుంటూ హాయిగా బతికేయొచ్చు. ఆయన ఊరికి తిరిగొచ్చి రైతుల కోసం విద్యాలయం పెట్టారు. పన్నులెలా వేస్తారో, సభలో నిలబడి ఎలా మాట్లాడాలో సేద్యం చేసేవాడే నేర్చుకోవాలన్నది ఆయన పట్టుదల. వెంకటగిరి జమీను రైతుల తరఫున పోరాడి జైలుకెళ్లారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి పక్కన నిలబడ్డవారిలో ఆయనొకరు.

అలాంటి మనిషి ఆనాటి పెద్ద మితవాద పార్టీ అయిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. చాలామంది దాన్ని దారి తప్పడం అన్నారు. నేను ఒప్పుకోను.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసింది. భూములన్నీ కలిపి దున్నాలి, హక్కు మాత్రం ఎవరిది వారికే ఉంటుంది, పంటలో వాటా భూమిని బట్టి వస్తుంది, పని చేసినవాళ్లకు పనిని బట్టి వస్తుంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. రాత్రిపూట అరుగు మీద పెద్దవాళ్లు దీని గురించే మాట్లాడుకుంటుంటే మా నాన్న ఒక్కటే అడిగారు: “అయితే గట్టు తీసేస్తారా?” మాకున్నది రెండెకరాలు. ఏటా తొలకరికి ముందు ఆయనే పార పట్టుకుని గట్టు మీద గడ్డి చెక్కి, ఎలుక బొరియల్లో మట్టి కూరి, పచ్చి మట్టి ఎత్తి అరచేత్తో నునుపు చేసేవారు. ఆ మట్టి మీద ఆయన వేళ్ల గుర్తులు వానలు గట్టిగా పట్టేదాకా కనిపించేవి. కాగితం మీద హక్కు ఉంటుంది, పొలంలో గట్టు ఉండదు అంటే ఆయనకది అర్థం కాలేదు. భయం మాత్రం అర్థమైంది.

రంగా గారు పట్టుకున్నది ఆ భయాన్నే. అప్పటికి ఆయన తెనాలి నుంచి కాంగ్రెస్ ఎంపీ, కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీలో కార్యదర్శి. అన్నీ వదులుకుని రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీలోకి నడిచారు. అంతకు ముందు 1951లోనూ కాంగ్రెస్‌ను వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు గనక బయటికి నడవడం ఆయనకు కొత్త కాదు. ఈసారి కాంగ్రెస్‌ది కాడెద్దుల గుర్తు, రైతు నాయకుడిది నక్షత్రం. 1962లో తెనాలిలో ఓడిపోయారు, అదే ఏడాది చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచారు. 1967లో శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఆ ఏటి సాధారణ ఎన్నికల్లో స్వతంత్ర పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలొచ్చాయి, ప్రతిపక్షాల్లో అదే పెద్దది.

ఆ దారిలో నన్ను ఇప్పటికీ నొప్పించేది ఒకటుంది. జమీందార్ల మీద పోరాడిన మనిషి పక్కన మహారాజులు, మహారాణులు, పెద్ద వ్యాపారులు వచ్చి కూర్చున్నారు. రెండెకరాల గట్టునూ రెండువేల ఎకరాల గట్టునూ ఒకే మాటతో కాపాడాలంటే కుదరదు. భూమి లేని కూలీకి ఆ పార్టీ దగ్గర గట్టి జవాబు లేదు. రంగా గారి మీద నాకున్న గౌరవం తగ్గదు గానీ, ఈ లోటు చెప్పకపోతే ఆయన జీవితానికి తూర్పు హద్దు రాసి పడమర వదిలేసినట్టవుతుంది.

ఇది మన ఒక్కరి గొడవే కాదు. ఫ్రాన్సులో 1952లో ప్రధాని అయిన ఆంత్వాన్ పినే తోళ్లు పదునుచేసే కర్మాగారం నడిపిన మనిషి, సేంషామోఁ అనే చిన్న పట్నానికి దశాబ్దాలపాటు మేయరు. ఆయనున్న మితవాద పార్టీ పేరులోనే ‘స్వతంత్రులు, రైతులు’ అన్న మాటలుండేవి. చిన్న కమతం వాడి జంకూ పెద్ద ఆస్తిపరుడి జంకూ ఒకే గొడుగు కిందికి చేరడం అక్కడా జరిగింది.

1971లో ఓడిపోయాక రంగా గారు మళ్లీ కాంగ్రెస్‌లోకి వెళ్లారు. గుంటూరు నుంచి 1980, 1984, 1989ల్లో వరసగా గెలిచారు. 1930ల్లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టిన మనిషి 1991 దాకా చట్టసభల్లో కనిపించారు. 1995లో కన్నుమూశారు. లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది.

మొన్న మార్గశిరంలో ఒకాయన మా వరండాలోకొచ్చాడు. “మేష్టారూ, ఒక అర్జీ రాసిపెట్టాలండీ. పంట నష్టం.” మూడున్నర ఎకరాలు, కౌలు. ఎప్పటిలాగే పొలానికి వెళ్లాను. కోతకొచ్చిన వరి వానకు పడిపోయి నీళ్లలో ఉంది. కోతకు ముందు చల్లిన మినుములు దుబ్బుల మధ్య ఉబ్బి, తెల్లటి మొలక నలుపెక్కి, వేళ్లతో నొక్కితే జిగురుగా అంటుకున్నాయి. గట్టు మాత్రం చక్కగా ఉంది. ఆయన చేతులతో పెట్టిన గట్టే, మా నాన్న పెట్టినట్టే నునుపుగా. ఆ చేను ఆయన సాగు చేయబట్టి పదకొండేళ్లట.

పొలం యజమాని ఊళ్లో ఉండరు. 2019 చట్టం ప్రకారం కౌలుదారుకు సాగు హక్కు పత్రం రావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద ఆయన సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. నాగపూర్ తీర్మానం విన్న రాత్రి మా నాన్న కళ్లలో చూసిన భయమే అది. అప్పుడు కాగితం మిగిలి గట్టు పోతుందని జంకు, ఇప్పుడు గట్టు ఒకరి చేతిలో, కాగితం ఇంకొకరి బీరువాలో. రంగా గారు ఈనాడు ఉంటే ఈ ఇద్దరిలో ఎవరిని రైతు అని పిలిచేవారో అని చాలాసేపు ఆలోచించాను. ఆయన బడి పెట్టింది సేద్యం చేసేవాడి కోసం. అందుకే కౌలుదారునే అనేవారని నా నమ్మకం.

సర్వే నంబరు రాశాను. విస్తీర్ణం రాశాను. తూర్పున బోదె, దక్షిణాన డొంక, మిగతా రెండు హద్దులూ ఆయన వేలు పెట్టి చూపించినవి. పంట వేసినవారు అని రాసి ఆయన పేరు పెట్టాను. యజమాని సంతకం అన్నచోట గీత గీసి ఖాళీగా వదిలి, ఫోన్ నంబరు అడిగాను. రాత్రి ఎనిమిదింటికి నేనే చేస్తానని చెప్పాను.