ఉక్కు వెలుగు పక్కన వేధశాల

విశాఖపట్నం శివారు కూర్మన్నపాలెంలో డాబా ఎక్కి చుక్కలు చూడాలనుకునేవాళ్లు చాలామంది దక్షిణం వైపు వీపు పెట్టి నిలబడతారు. అటు ఉక్కు కర్మాగారం. కోక్ ఒవెన్లలోంచి కాలిన బొగ్గును తోసినప్పుడల్లా ఆకాశం అంచు కాసేపు ఎర్రబడి మళ్లీ మసకేస్తుంది. ఆగ్నేయాన గంగవరం పోర్టు దీపాలు, తూర్పున గాజువాక, ఊరి మధ్యలోంచి జాతీయ రహదారి. పాలపుంత సంగతి మరిచిపోవచ్చు. ఇలాంటి చోట ఇంటి మీద వేధశాల కడతానని ఎవరైనా అంటే, "అరకు పోక ఇక్కడేం కనపడుతుంది?" అని పక్కింటివాళ్లు అడగడంలో తప్పేమీ లేదు.

చూసి ఆనందించడమే పని అయితే అరకే పోవాలి. వేధశాల చేసే పని వేరు, అది కొలుస్తుంది. కొలవడానికి టెలిస్కోప్ నిలబెట్టే కదలని దిమ్మ కావాలి, నమ్మదగిన గడియారం కావాలి, మబ్బు తేలిపోయిన పావుగంటలో పని మొదలుపెట్టగలిగే వీలుండాలి. ఈ మూడూ అరకు కొండ మీద కంటే సొంత ఇంట్లోనే సులువుగా దొరుకుతాయి. ఈ మాటకు రుజువు ఇదే నగరంలో 1840లోనే ఉంది.

ఆ ఏడాది గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు విశాఖపట్నం దాబా గార్డెన్స్‌లోని తన ఇంటి ఆవరణలో సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు. 1817లో పుట్టిన మనిషి, అంటే అప్పటికి ఇరవై మూడేళ్లు. మద్రాసు వెళ్లి అక్కడి వేధశాల అధిపతి టి.జి. టేలర్ దగ్గర శిష్యరికం చేసి వచ్చారు. జమీందార్లు గుర్రాలు కొన్నారు, మేళాలు పెట్టారు, కవుల్ని పోషించారు. ఈయన గడియారం ఎంత నిక్కచ్చిగా నడుస్తోందో తేల్చుకోవడానికి డబ్బు పెట్టారు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కొయ్య నాటించి, ఉదయం 9 గంటలకు జెండా దించి ఊరికీ ఓడలకూ సమయం తెలిపే ఏర్పాటు చేశారు.

ఓడలకు దాంతో ఏం పని? నడిసముద్రంలో ఓడ ఏ రేఖాంశం మీద ఉందో తెలియాలంటే రెండు సమయాలు కావాలి. ఒకటి సూర్యుణ్నో చుక్కనో చూసి తేల్చుకునే స్థానిక సమయం. రెండోది ఓడలోని క్రోనోమీటర్ గడియారం చెప్పే గ్రీనిచ్ సమయం. భూమి నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ తిరుగుతుంది కాబట్టి, క్రోనోమీటర్ నాలుగు సెకన్లు తప్పితే మన అక్షాంశంలో ఓడ దాదాపు 1.8 కిలోమీటర్లు పక్కకు జరిగినట్టు లెక్క వస్తుంది. నిమిషం తప్పితే 26 కిలోమీటర్లు. ఆ రోజుల్లో విశాఖకు లోపలి రేవు లేదు, అది 1933లో వచ్చింది. ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసేవి. అక్కడి నుంచి కెప్టెన్ దుర్భిణిలో కొండ మీది జెండాను చూసి తన క్రోనోమీటర్ సరిచూసుకుని బయల్దేరవచ్చు. చుక్క మన నెత్తి మీదుగా ఉత్తర దక్షిణాల మధ్య సాగే గీతను ఎప్పుడు దాటిందో చూసి గడియారం దిద్దుకోవడం ఆనాటి వేధశాలల నిత్యకృత్యం. ఏ చుక్కైనా ఆ గీతను నిన్నటి కంటే ఇవాళ 3 నిమిషాల 56 సెకన్లు ముందు దాటుతుంది. రోజూ ఇలా చూస్తే గడియారం ఎంత తప్పు నడుస్తోందో బయటపడుతుంది.

ఇప్పుడు ఆ సమయం జేబులోని ఫోనులోనే ఉంది. కాబట్టి ఇంట్లో వేధశాల కట్టేవాళ్లకు మిగిలిన అసలు పని దిమ్మ.

దిమ్మ విలువ తెలియాలంటే మద్రాసు వేధశాల సంగతి కొంచెం చెప్పాలి. అదీ పెరటి వేధశాలే. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి విలియం పెట్రీ 1786లో ఎగ్మూరులో తన కోసం పెట్టుకున్నది తర్వాత కంపెనీ చేతికి వచ్చింది. 1792లో నుంగంబాకంలో కట్టిన కొత్త భవనంలో పరికరాన్ని నిలబెట్టడానికి ఏకశిలగా ఒక గ్రానైటు స్తంభం పాతారు. దాని బరువు పది టన్నులంటారు. ఆ స్తంభం మీద తెలుగులో కూడా శాసనం చెక్కించారు. భవనం పోయింది, స్తంభం నిలిచింది. టేలర్ దగ్గర చదువుకున్న జగ్గారావుకు ఆ స్తంభం చూస్తేనే సగం పాఠం తెలిసి ఉంటుందని నా ఊహ.

కూర్మన్నపాలెంలో పది టన్నుల రాయి అక్కర్లేదు. పెరట్లో జాగా ఉంటే మూడడుగుల లోతు గొయ్యి తీసి, ఇనుప బోను దించి, కాంక్రీటు పోసి, మధ్యలోంచి ఎనిమిదీ పది అంగుళాల లావు దిమ్మ లేపితే చాలు. పైన టెలిస్కోప్ మౌంటుకు సరిపడే బోల్టులను కాంక్రీటు తడిగా ఉన్నప్పుడే చెక్క మూసకు బిగించి నిలబెట్టాలి. ఎండాక డ్రిల్లు పెడదాంలే అనే మేస్త్రి మాట వినకూడదు. మేస్త్రులు తప్పకుండా చేసే ఇంకో పని ఉంది, దిమ్మనూ గది నేలనూ కలిపి పోసేయడం. అందంగా ఉంటుందని వాళ్ల ఉద్దేశం. కానీ అలా కలిపితే గదిలో మీరు కాలు మార్చినప్పుడల్లా చుక్క ఊగుతుంది. రెండు వందల రెట్లు పెద్దదిగా చూస్తున్నప్పుడు మీ అడుగు కూడా రెండు వందల రెట్లు పెద్దదవుతుంది. దిమ్మ చుట్టూ రెండంగుళాల ఖాళీ వదిలి థర్మోకోల్ ముక్కలు కుక్కితే ఆ బాధ ఉండదు. దువ్వాడ మీదుగా పోయే గూడ్సు బండి మాత్రం భూమినే కదిలిస్తుంది, అది వెళ్లేదాకా ఆగడమే.

పెరడు ఉన్నవాళ్లు ఈ రోజుల్లో ఎంతమంది? ఎక్కువమందికి ఉన్నది డాబాయే. స్లాబు మధ్యలో దిమ్మ పెడితే కింద గదిలో తలుపు వేసినా తెలిసిపోతుంది. పిల్లరు మీద, దూలాలు కలిసే చోట పెట్టాలి. అదీకాక స్లాబు పగలంతా ఎండ తాగి అర్ధరాత్రి దాకా వేడి వదులుతుంది. ఆ వేడిగాలి కదలికలో గురుగ్రహం అంచు నీళ్లలో చూసినట్టు వణుకుతుంది. తెల్లటి చల్లదనపు పెయింటు వేయడం, కప్పును గంట ముందే తీసిపెట్టడం కొంత మేలు చేస్తాయి. మార్చి దాటాక అర్ధరాత్రి తర్వాతే నమ్మదగిన చూపు.

దిమ్మ నిలబడ్డాక ఉత్తరం తేల్చాలి. ఇక్కడ దిక్సూచిని నమ్మితే మునుగుతాం. కోస్తాలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా తక్కువే, కానీ కాలి కింద స్లాబు నిండా ఇనుప ఊచలు, పక్కన నీళ్ల ట్యాంకు ఇనుప స్టాండు. ముల్లు వాటి మాటే వింటుంది. గుడులు కట్టే స్థపతుల పాత పద్ధతే మేలు. చదునైన బల్ల మీద ఒక కడ్డీని నిటారుగా నిలిపి, దాని మొదలు కేంద్రంగా వలయం గీస్తారు. పొద్దున్న పొడుగ్గా ఉన్న నీడ కురచవుతూ వలయం లోపలికి వచ్చే చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత మళ్లీ బయటికి పోయే చోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే తూర్పు పడమర. దానికి లంబం ఉత్తరం. సూర్యసిద్ధాంతం చెప్పిన శంకువు ఇదే. డిసెంబరు మూడో వారంలో చేస్తే ఇంకా కచ్చితంగా వస్తుంది, ఎందుకంటే అప్పుడు సూర్యుడు ఉదయానికీ సాయంత్రానికీ మధ్య ఉత్తర దక్షిణాలకు దాదాపు జరగడు. మే రెండో వారంలో, ఆగస్టు మొదట్లో విశాఖలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొచ్చి నీడ మాయమవుతుంది. పిల్లలకు చూపించడానికి అవి మంచి రోజులు, దిక్కు తేల్చడానికి కావు.

నీడతో వచ్చిన గీత మొదటి అంచనా మాత్రమే. మౌంటు ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా ఉండాలి, అంటే కూర్మన్నపాలెంలో క్షితిజానికి 17.7 డిగ్రీల ఎత్తున ఉత్తరం వైపు చూడాలి. చలిదేశాలవాళ్లు ఎప్పుడూ నలభై యాభై డిగ్రీల ఎత్తున చూసుకునే ధ్రువ నక్షత్రం మనకు రహదారి దీపాల పొగమంచులో, పక్క అపార్టుమెంటు ట్యాంకు వెనకాల ఉంటుంది. పైగా వాళ్ల లెక్కకు చేసిన మౌంట్లను ముక్కాలి పీట మీద ఇంత కిందికి వంచితే ఎదురు బరువు వచ్చి కాలికి కొట్టుకుంటుంది. సన్నటి దిమ్మ మీద ఆ గొడవ తక్కువ.

ధ్రువుడు కనపడకపోయినా పని ఆగదు. దక్షిణాన, నెత్తి మీదుగా సాగే ఆ ఉత్తర దక్షిణ గీత దగ్గర, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో సాగే గీతకు) దగ్గరగా ఉన్న ఒక చుక్కను అడ్డగీతలున్న కంటికటకంలో పెట్టి పది నిమిషాలు ఊరికే చూడాలి. చుక్క దక్షిణానికి జారితే ఇరుసు తూర్పుకు ఎక్కువ తిరిగిందని, ఉత్తరానికి జారితే పడమరకు తిరిగిందని అర్థం. తర్వాత తూర్పున తక్కువ ఎత్తులో ఉన్న చుక్కతో ఇదే పరీక్ష. అది దక్షిణానికి జారితే ఇరుసు కిందికి దిగింది, ఉత్తరానికి జారితే పైకి లేచింది. దిద్దడం, చూడడం, మళ్లీ దిద్దడం. విసుగు పుట్టించే పని, ఒక్కసారి చేసి బోల్టు బిగిస్తే మాత్రం ఏళ్ల తరబడి ముట్టనక్కర్లేదు. మోసుకెళ్లే టెలిస్కోపుతో ఇదంతా ప్రతి రాత్రీ మొదటికొస్తుంది. నన్నడిగితే ఇంటి వేధశాల విలువలో సగం ఇక్కడే ఉంది.

కప్పు గురించి అందరూ గుమ్మటమే ఊహిస్తారు. ఎనిమిదడుగుల చదరపు గది, మీద జీఐ రేకు కప్పు, దాని కింద గేటు చక్రాలు, గోడల మీద యాంగిల్ పట్టాలు, ఇంతే చాలు. గాజువాక ఆటోనగర్‌లో ఏ వెల్డింగ్ షాపయినా చేసిపెడుతుంది. పుస్తకాల్లో కప్పును ఉత్తరానికి జరపమని ఉంటుంది. చలిదేశాల్లో అది సబబే. మనకు ఉత్తరానికి జరిపితే ధ్రువుడు ఉన్న ఆ కాస్త జాగా కూడా రేకు వెనక్కి పోతుంది. పడమరకు జరిపితే సంధ్యవేళ శుక్రుడు, నెలవంక పోతాయి. తూర్పుకు జరపడం మంచిది. అటు ఉన్నది గాజువాక వెలుగు, పైగా తూర్పున ఉదయించేది ఏదైనా గంటలో రేకు మీదికి వచ్చేస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లకు రేకుల కప్పు గురించి ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు. గాలి కప్పును నెట్టడం కంటే కింద నుంచి లేపడమే ఎక్కువ, కాబట్టి నాలుగు మూలలా కిందికి బిగించే కొక్కేలు ఉండాలి. తుపాను హెచ్చరిక రాగానే కొక్కేల్ని నమ్ముకోకుండా టెలిస్కోప్ విప్పి ఇంట్లోకి తెచ్చుకోవాలి. దిమ్మ ఎటూ పోదు. గాలివాన కంటే నిదానంగా చెరిచేది ఉప్పుగాలి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడాలి. వర్షాకాలంలో కటకాలకు బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలు మూసిన పెట్టెలో ఉంచి, రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెట్టాలి. కటకాన్ని చొక్కా అంచుతో తుడిచే అలవాటు ఉన్నవాళ్లు ఈ హాబీ జోలికి రాకపోవడం మంచిది. ఇక్కడి దుమ్ములో ఇనుప రజను ఉంటుంది.

ఇంత చేసి చూసేదేమిటి? హుద్‌హుద్ తర్వాత నగరంలో వీధి దీపాలు ఎల్‌ఈడీలయ్యాయి. పాత సోడియం దీపాల పసుపు వెలుగును ఫిల్టరుతో వడకట్టేవాళ్లం, తెల్ల ఎల్‌ఈడీకి ఆ మందు అంతగా పనిచేయదు. కాబట్టి మసక నెబ్యులాల మీద ఆశ తగ్గించుకుని వెలుగును లెక్కచేయని వాటిని పట్టుకోవాలి. చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాలు, తగిన ఫిల్టరుతో సూర్యుడు. చంద్రుడి చీకటి అంచు ఒక చుక్కను చటుక్కున మింగిన క్షణాన్ని సెకనులో పదో వంతు దాకా నమోదు చేయవచ్చు. మీ డాబా అక్షాంశ రేఖాంశాలు తెలిసి ఉంటే అది ఎక్కడైనా చెల్లే కొలత. ఆల్గాల్ అనే చుక్క 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి మసకబారుతుంది, దాని మసకను పక్క చుక్కలతో పోల్చి రాసుకోవడానికి కళ్లే చాలు. మే నెల రాత్రుల్లో, కర్మాగారం వెలుగు మీదుగా, పన్నెండు డిగ్రీల ఎత్తున త్రిశంకు నక్షత్రమండలం కూడా కనపడుతుంది. లండన్‌లో ఎంత పెద్ద వేధశాల ఉన్నా అక్కడివాళ్లకు అది ఎన్నటికీ దొరకదు.

జగ్గారావు 1856లో, నలభై నిండకుండానే పోయారు. ఇంటి వేధశాలలు సాధారణంగా ఆ రోజుతోనే మూతపడతాయి. దీన్ని మాత్రం అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అందుకున్నారు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకుని దీనికే అంకితమయ్యారు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చారు. మద్రాసు వేధశాల సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లారు. సంపూర్ణ గ్రహణపు దారి విశాఖకు తగలలేదు, నరసింగరావు ఆ గ్రహణాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. 1871లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఇంగ్లండు నుంచి కుక్ కంపెనీ ఆరంగుళాల టెలిస్కోప్ తెప్పించారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు దాన్ని పరిశీలించి ఫలితాలు పంపారు. వేర్వేరు ఊళ్ల నుంచి ఆ దాటడం ఏ క్షణాన మొదలై ఏ క్షణాన ముగిసిందో తెలిస్తే సూర్యుడి దూరం లెక్క కట్టవచ్చు, అందుకే ఆ రోజు ప్రపంచమంతా గడియారాల ముందు కూర్చుంది.

1892లో ఆయన పోయాక భార్య అచ్చయ్యమ్మ కొన్నాళ్లు దాన్ని నిలబెట్టే ప్రయత్నం చేశారు. శతాబ్దం తిరగక ముందే వేధశాల ఆగిపోయింది. ఆ కుటుంబం విరాళం మాత్రం మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ పేరులో మిగిలింది. సి.వి. రామన్ తండ్రి పాఠాలు చెప్పింది, రామన్ కొన్నాళ్లు చదువుకున్నది ఆ కాలేజీలోనే. హైదరాబాదులో ఇంకోలా జరిగింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోప్ కొని తన ఆవరణలో పెట్టుకున్నారు. 1907లో ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. ఆ నిజామియా వేధశాల బేగంపేట నుంచి ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17, 23 డిగ్రీల మధ్య ఉన్న ఆకాశాన్ని ఫొటో పలకల మీదికెక్కించి ప్రపంచ నక్షత్ర పట్టికలో తన వాటా పూర్తిచేసింది.

దాబా గార్డెన్స్‌లో ఇప్పుడు దుకాణాలు, ఆటోలు. నరసింగరావు కొలతలు పోకుండా ఉన్నాయంటే ఆయన వాటిని ఎప్పటికప్పుడు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికకు రాసి పంపడమే కారణం. అందుకని కూర్మన్నపాలెంలో దిమ్మ లేపేవాళ్లు తొలి రాత్రి నుంచే నోటుపుస్తకం పెట్టి తేదీ, సమయం, ఆకాశం తీరు, ఏ కంటికటకం వాడారో రాయాలి. నెలకోసారి ఆ లెక్కల్ని చర నక్షత్రాల సంఘాలకో గ్రహ పరిశీలకుల సంఘాలకో పంపాలి. మబ్బు వల్ల ఏమీ కనపడని రాత్రిని కూడా రాసిపెట్టాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ పుస్తకంలో ఎక్కువగా ఉండేది అదే.